అంగడి పేర్లు – జీవుల క్షేమము

శాస్త్రనామము జీవి యొక్క జాతిని తెలుపుతుంది. వాడుకపేరు ఆ జీవిని చూచిన జనుల మనస్సును తెలుపుతుంది. ఈ రెండింటికీ లోకంలో చోటున్నది. అయితే మన కాలంలో మూడవ తరగతి పేరొకటి బయలుదేరినది. అది అంగడి పేరు. దానిని గూర్చి విద్యార్థులు ఆలోచించవలసి ఉన్నది.

అమెరికా దేశపు నైరుతి ప్రాంతంలో, రాతినేలలలో ఒక తొండ నివసిస్తున్నది. మెడచుట్టూ రెండు నల్లని పట్టీలుండుటచేత దానిని ‘కాలర్డ్ లిజార్డ్’ అన్నారు. 1823లో థామస్ సే దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేసినాడు. నేటి శాస్త్రనామం క్రోటాఫైటస్ కొల్లారిస్. ఓక్లహామా ప్రజలు దీనిని ‘మౌంటెన్ బూమర్’, అనగా కొండల్లో గర్జించేది, అంటారు. నిజానికి ఈ తొండ గర్జించదు. అయినను 1969లో ఆ రాష్ట్రం దీనినే తన రాష్ట్ర సరీసృపంగా స్వీకరించినది. జనులు పెట్టిన పేరులో పొరపాటున్నది గాని, కపటం లేదు.

ఈ తొండ రంగు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఒకచోట ఆకుపచ్చ, మరొకచోట నీలం, ఇంకొకచోట పసుపు తల. ఆడతొండకు గ్రుడ్లు పెట్టుటకు ముందు ప్రక్కలపై నారింజ చారలు తేలుతాయి. పెంపకందార్లు మెరుపుగల వానిని ఏరి, జతపరచి, ‘ఆక్వా ఫ్లేమ్’ వంటి పేర్లతో విక్రయిస్తారు. ఆ పేర్లకు అర్థం నిర్ణయించే పరిషత్తు లేదు. తల్లిదండ్రులు ఏ కొండవో, రంగు పిల్లలకు సంక్రమిస్తుందో లేదో ఆ పేరు చెప్పదు. మన కోస్తా పందెపు పుంజులకు డేగ, కాకి, నెమలి అని ఈకల రంగును బట్టి పేర్లున్నవి. అవి శాస్త్రనామాలు కావు. కాని వాని అర్థం వినువారికి, చెప్పువారికి ఒక్కటే.

పేరులోని అస్పష్టత కొనువారి ధనానికే నష్టమైతే ఇంత చెప్పనక్కరలేదు. జీవికే హాని కలుగుతున్నది. లెపర్డ్ గెకో అనే చుక్కల బల్లిలో ‘లెమన్ ఫ్రాస్ట్’ అనే రకమున్నది. వినుటకు చల్లని పేరు. ఆ రకపు బల్లులలో నూటికి 80కి పైగా చర్మంపై కణితులు పుడుతున్నవని, దానికి కారణమైన జన్యువును లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2021లో ప్రకటించినారు. బాల్ పైథాన్ పాములలో ‘స్పైడర్’ రకానికి తల నిలువక ఊగుతుంది. ఆ ఊపూ, ఆ చర్మపు చిత్రమూ విడదీయరానివి. పేరు చిత్రాన్ని చూపి, ఊపును దాచినది.

ఉర్దూ వారి పావురాల పేర్లు ఇంతకంటె నిజాయితీ గలవి. నేలపై పొర్లే పావురాన్ని ‘లోటన్’ అన్నారు. లోట్‌నా అనగా పొర్లుట. అక్బరు కాలపు ఆయీనె అక్బరీ దానిని పేర్కొన్నది. 1868లో డార్విన్ కూడా దానిని గూర్చి వ్రాసినాడు. ఆ పెంపకం సబబా అనేది వేరు ప్రశ్న. ఆ పేరు మాత్రం పక్షి అవస్థను దాచలేదు.

అందమైన పేర్లు జీవులపై మక్కువ పెంచుతాయని కొందరంటారు. అది నిజమే. కాని తెలియనిదానిపై పుట్టిన మక్కువ మోజే గాని కరుణ కాదు. కనుక అంగడి పేరు ఉండవచ్చును. దాని ప్రక్కనే శాస్త్రనామం, పుట్టుచోటు, వంశక్రమం, తెలిసిన రోగం వ్రాయబడవలెను. మన జంతుశాస్త్ర ప్రయోగశాలలోని చీటీలతోనే ఈ అలవాటు ప్రారంభించవలెనని పాలకసంఘం వారికి మనవి. నోరులేని జీవి పక్షాన మాట్లాడేది దాని పేరొక్కటే; ఆ పేరు నిజం పలుకవలెను.