మందు ఎవరి సొత్తు?

డిప్రెషన్ అనే కుంగుబాటు జబ్బుకు కెటమిన్‌తో చేస్తున్న చికిత్సను మన అభ్యుదయ మిత్రులు కొందరు తేలిగ్గా కొట్టిపారేస్తున్నారు. వారి వాదం ఇది: మనిషిని కుంగదీస్తున్నది ఈ సమాజం. నిరుద్యోగమూ, అప్పులూ, ఒంటరితనమూ పోనిదే కుంగుబాటు పోదు. కనక మత్తుమందు ఎక్కించి మనిషిని సమాధానపరచటం పెట్టుబడిదారీ వ్యవస్థకు ఊడిగం చెయ్యటమే.

ఈ వాదం వినటానికి విప్లవాత్మకంగానే ఉంటుంది. కాని ఇందులో నిజం సగమే. దారిద్ర్యం క్షయను పెంచుతుందని అందరికీ తెలుసు. అంతమాత్రాన, సమాజం మారేదాకా క్షయరోగికి మందు ఇవ్వవద్దని ఏ అభ్యుదయవాదీ అనడు. ఊపిరితిత్తులకు ఉన్న హక్కు మెదడుకు ఎందుకు లేదు? మనస్సు శరీరానికి అతీతమైనదని నమ్మేవాళ్లు ఈ మాట అంటే అర్థం చేసుకోవచ్చు. భౌతికవాదులు అనటమే వింత!

కనీసం రెండు మందులు, తగిన మోతాదులో, తగినంత కాలం వాడినా తగ్గని కుంగుబాటును వైద్యులు చికిత్సకు లొంగని జబ్బుగా లెక్కిస్తారు. మామూలు మందులు గుణం చూపటానికి వారాలు పడుతుంది. ఈ రాత్రి గడవటమే భారమైన మనిషికి వారాలంటే చాలా కాలం. అటువంటి రోగులు 18 మందితో అమెరికా ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సంస్థ జరిపిన పరీక్ష ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఒక్కసారి కెటమిన్ ఎక్కించిన మర్నాటికి నూటికి 71 వంతున బాధ బాగా తగ్గింది. ఆ మేలు వారం పాటు నిలిచింది మటుకు నూటికి 35 మందికే. ఇది మంత్రం కాదు. కాని చావు అంచున ఉన్నవాడికి వారం రోజుల వ్యవధి దొరకటం చిన్న విషయమూ కాదు.

మరి ఇందులో కోపగించుకోవలసింది ఏమీ లేదా? ఉన్నది. మిత్రుల కోపం న్యాయమైనదే, దాని గురే తప్పింది.

కెటమిన్‌ను 1962లో పార్క్‌-డేవిస్ కంపెనీ కోసం కాల్విన్ స్టీవెన్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. 1964లో దాన్ని మొదట ఎక్కించి చూసింది మిషిగన్ రాష్ట్రంలో జాక్సన్ జైలు ఖైదీలకు. 1970లో ఆపరేషన్లకు మత్తుమందుగా అనుమతి వచ్చాక వియత్నాంలో గాయపడిన సైనికులకు వాడారు. కుంగుబాటు మీద దాని ప్రభావాన్ని 2000లో చూపినవారు యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు. ఆపైన చూపింది ప్రభుత్వ సంస్థ. పేటెంటు ఏనాడో చెల్లిపోయింది. చౌకమందు. చౌక గనకనే, దాన్ని కుంగుబాటు మందుగా నిరూపించటానికి డబ్బు పెట్టే ఉత్సాహం ఏ కంపెనీకీ లేకపోయింది.

కెటమిన్‌లో రెండు రకాల అణువులున్నాయి. అవి కుడిచెయ్యీ ఎడమచెయ్యీలాగా ఒకదానికొకటి ప్రతిబింబాలు. అందులో ఒకదాన్ని విడదీసి, ముక్కులో కొట్టుకునే మందుగా చేసి, జాన్సన్ అండ్ జాన్సన్ వారి జాన్సెన్ కంపెనీ 2019 మార్చిలో అమెరికాలో అనుమతి సంపాదించింది. పేరు స్ప్రవాటో. ఒక్కసారి వాడకానికి అప్పటి ధర 590 నుంచి 885 డాలర్లు! మొదటి నెలలో అలా ఎనిమిదిసార్లు వాడాలి. కంపెనీ చూపిన మూడు స్వల్పకాలిక పరీక్షల్లో గెలిచింది ఒకటే. ఖర్చుకు తగిన ప్రయోజనం రుజువు కాలేదని బ్రిటన్‌లో మందుల విలువ కట్టే ప్రభుత్వ సంస్థ 2022లో దాన్ని సిఫారసు చెయ్యలేదు.

చౌకమందును కూడా వ్యాపారం వదల్లేదు. అమెరికాలో ప్రైవేటు క్లినిక్కులు వెలిశాయి. కొందరు మందును ఏకంగా రోగుల ఇళ్లకే పంపారు. ఈ మందు రక్తపోటును పెంచుతుంది, కాసేపు స్పృహను చెదరగొడుతుంది, అతిగా వాడితే మూత్రాశయాన్ని పాడుచేస్తుంది, వ్యసనం కాగలదు. పర్యవేక్షణ లేని ఈ వాడకం ప్రమాదమని అక్కడి ఔషధ నియంత్రణ శాఖే 2023 అక్టోబరులో హెచ్చరించవలసివచ్చింది.

దీనికి వేరే మార్గం లేకపోలేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైద్యులు ప్రజాధనంతో ఆ పాత చౌక కెటమిన్‌నే పరీక్షించారు. రోగిని బట్టి మోతాదు పెంచుతూ వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు, చర్మం కింద సూదిమందుగా ఇచ్చారు. జబ్బు పూర్తిగా నెమ్మదించినవారు ఐదుగురిలో ఒకరు. పోలికకోసం వేరే మందు ఇచ్చినవారిలో నూటికి ఇద్దరు. ఈ ఫలితాలు 2023లో వచ్చాయి. లాభాపేక్ష లేనిచోట శాస్త్రం పనిచెయ్యగలదనటానికి ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలి?

ఇక మన సంగతి. 2015–16లో నిమ్‌హాన్స్ జరిపిన జాతీయ సర్వే ప్రకారం కుంగుబాటు ఉన్నవారిలో నూటికి 85 మందికి అసలు చికిత్సే అందటం లేదు. లొంగటానికైనా ముందు చికిత్స అంటూ ఉండాలి గదా! మొదటి మందే అందనివాడి జబ్బు మొండిదో కాదో ఎవరు చెప్పగలరు? జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడూ, మామూలు మందులూ, ఓపికగా మాట్లాడేవాళ్లూ ముందు కావాలి. వాటికి లొంగని జబ్బుకు, అదే ఆసుపత్రిలో, వైద్యుల కళ్లెదుట, ఉచితంగా కెటమిన్ కావాలి. ఈ రెంటినీ అడగవలసినవాళ్లు అభ్యుదయవాదులే. మనం మందును ఈసడించి ఊరుకుంటే దాన్ని అమ్ముకునేవాడికి అడ్డే ఉండదు. సమాజాన్ని మార్చే పని తప్పకుండా సాగాలి. ఆ పనికి మనుషులు బతికి ఉండాలి గదా!