దారి చూపేవారికి గుర్తింపు

'గురువులేని విద్య గుడ్డి విద్య' అని తెలుగువారి సామెత. గురువు అనగానే బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుడే గుర్తుకు వస్తాడు. కాని యౌవనంలో అడుగుపెట్టే వారికి మరొక గురువు కూడా అవసరం. ఏ చదువు చదవాలి, ఏ పని నేర్చుకోవాలి, ఓటమి ఎదురైనప్పుడు ఎలా నిలదొక్కుకోవాలి అన్న సంగతులను పక్కన కూర్చుని చెప్పే పెద్దదిక్కు అవసరం. అటువంటి మార్గదర్శకుల సేవను ప్రభుత్వం గుర్తిస్తే, దాని విలువ సమాజానికి తెలుస్తుంది.

ఈ మాటకు బీదరు పట్టణమే మంచి ఉదాహరణ. బహమనీ మంత్రి మహమూద్ గవాన్ 1472లో ఇక్కడ గొప్ప విద్యాలయాన్ని కట్టించాడు. ఆ విద్యాలయం వంటిదే, గోడలు లేని మరొక విద్యాలయం కూడా ఈ ఊళ్ళో ఉంది. అదే బిదరీ కళ. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పాత్రను పోతపోస్తారు. దానిపై పూలు, లతలు చెక్కి, ఆ గాళ్ళలో వెండి తీగను పొదుగుతారు. తరువాత బీదరు కోటలోని మట్టిని, నవాసారాన్ని నీళ్ళలో కలిపి పాత్రకు పట్టిస్తారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఆ మట్టి పనికి వస్తుందో రాదో పనివారు నాలుకతో రుచి చూసి చెబుతారు. ఆ రుచి ఏ పుస్తకంలోను దొరకదు. ఉస్తాదు పక్కన ఏళ్ళ తరబడి కూర్చున్న శిష్యునికే అది తెలుస్తుంది. ఉస్తాదు తన విద్యను ఎవరికీ అందించకుండా వెళ్ళిపోతే, ఆ రుచి కూడా అతనితోనే పోతుంది.

బిదరీ వస్తువులకు 2006లో భౌగోళిక గుర్తింపు లభించింది. తండ్రి వద్ద ఈ పని నేర్చుకున్న షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది. ఇవి సంతోషించదగినవే. అయితే మొదటిది వస్తువుకు, రెండవది కళాకారుని ప్రతిభకు దక్కిన గౌరవం. నేర్పడం అనే పనికి ప్రత్యేకమైన గౌరవం కూడా ఉండాలి.

అటువంటి ఏర్పాటు దేశంలో కొత్తదేమీ కాదు. క్రీడాకారులను తీర్చిదిద్దిన శిక్షకులకు కేంద్రప్రభుత్వం 1985 నుండి ద్రోణాచార్య పురస్కారం ఇస్తున్నది. హైదరాబాదుకు చెందిన ఎస్.ఎం. ఆరిఫ్ దానిని 2000లో అందుకున్నారు. ఆయన వద్ద శిక్షణ పొందిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యారు. 2009లో తానే ద్రోణాచార్య పురస్కారం పొందారు. గోపీచంద్ శిష్యురాలు పి.వి. సింధు 2016 ఒలింపిక్స్‌లో రజతపతకం సాధించింది. ఒక దీపం నుండి మరొక దీపం వెలగడం అంటే ఇదే. హస్తకళల్లో నిష్ణాతులైన గురువులకు 2002 నుండి శిల్పగురు పురస్కారం కూడా ఉన్నది.

కాని ఆటలు, కళలు కాక సామాన్య జీవితంలో దారి చూపేవారి మాట ఏమిటి? బీదరు మొదలైన జిల్లాల కోసం రాజ్యాంగంలో 371జె అధికరణాన్ని చేర్చారు. దాని వలన ఇక్కడి విద్యార్థులకు చదువుల్లోను, ఉద్యోగాల్లోను రిజర్వేషన్ దొరుకుతున్నది. కుటుంబంలో మొదటిసారిగా కాలేజీకి వెళ్ళే పిల్లకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? ధ్రువపత్రానికి ఎక్కడ అర్జీ పెట్టాలో ఎవరు చూపాలి? తెలిసిన పెద్దలు ఒక్కరుంటే ఆమె చదువు సాగుతుంది. లేకపోతే హక్కు కాగితం మీదనే మిగులుతుంది.

మంచి పని చేసేవారికి బిరుదులెందుకని కొందరు అంటారు. అందులో కొంత నిజం ఉంది. నిజమైన మార్గదర్శకుడు సన్మానం కోసం ఎదురుచూడడు. అయితే గుర్తింపు ఆ ఒక్కరి కోసమే కాదు, చూసేవారి కోసం కూడా. 1962 నుండి సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం జరపడం వల్లనే చిన్నపిల్లలకు సైతం ఆ రోజు తెలుసు. అమెరికాలో 2002 నుండి జనవరి నెలను యువతకు మార్గదర్శనం చేసేవారి మాసంగా పాటిస్తున్నారు. మన దేశంలో జనవరి 12 జాతీయ యువజన దినోత్సవం. ఆనాడు ప్రతి జిల్లాలోను మార్గదర్శకులను గౌరవించడం ఉచితం.

ఆ గౌరవం శాలువాతో, పూలదండతో ముగియరాదు. ఎంపికలో సిఫారసులకు తావివ్వక, శిష్యుల మాటనే ముఖ్యంగా వినాలి. నేర్పేవారికి చోటు, నేర్చుకునేవారికి భృతి కల్పించాలి. అప్పుడే ఉస్తాదు పక్కన కూర్చోవడానికి యువకులు ముందుకు వస్తారు.

యువత బాధ్యత కూడా ఒకటున్నది. తెలియనిదానిని పెద్దలను అడగాలి. నేర్చుకున్నదానిని తరువాతివారికి చెప్పాలి. గురువు రుణం తీర్చుకోవడానికి ఇంతకంటె మంచి మార్గం లేదు.