తుప్పు పూస్తేనే ట్యాంకా?

“అంకుల్, పని నీట్‌గానే ఉంది గానీ బొమ్మలా ఉంది. కాస్త తుప్పు కొట్టాల్సింది” అన్నాడొక కుర్రాడు, మొన్న హైదరాబాదులో కొంతమందిమి కలిసి పెట్టుకున్న మోడళ్ల ప్రదర్శనలో, నా సెంచూరియన్ ట్యాంకు ముందు నిలబడి. పక్క బల్ల మీద అతని జర్మన్ టైగర్ ట్యాంకు ఉంది. పైనుంచి కిందిదాకా తుప్పు, తుప్పు మీద బురద, బురద మీద నూనె మరకలు. చుట్టూ మూగినవాళ్లు “అబ్బ, ఎంత రియలిస్టిక్‌గా ఉందో!” అంటూ ఫోన్లు తీస్తున్నారు. వయసులో పెద్దవాణ్ణి కదా అని నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోదలుచుకోలేదు.

చదువుకునే రోజుల్లో ట్యాంకులు అంటించి, ఉద్యోగం, పెళ్లి, పిల్లల ఫీజుల మధ్య వదిలేసి, ఈమధ్యే మళ్లీ మొదలుపెట్టినవాణ్ణి నేను. నేను మానేసేనాటికి ముక్కలు అంటించి, రంగు వేసి, నంబరు డెకాల్ నీళ్లలో నానబెట్టి అతికిస్తే పని అయిపోయేది. తిరిగొచ్చి చూస్తే రంగు వేయడం సగం పనేనట. వేసిన రంగును పాడుచేయడం మిగతా సగం. ముందు తుప్పు రంగు వేయాలి. దాని మీద ఆడవాళ్లు జుట్టుకు కొట్టుకునే హెయిర్ స్ప్రే. దాని మీద అసలు రంగు. అది ఆరాక తడి కుంచెతో రుద్దితే పెచ్చులూడి కింది తుప్పు బయటపడుతుంది. ఇందుకు సీసాలు వేరే: కొత్త తుప్పు, పాత తుప్పు, ముదురు తుప్పు, కారిన తుప్పు. కిట్ కంటే సీసాల ఖర్చే ఎక్కువ. ఇంత చేశాక దాని పేరు రియలిజం.

సరే, రియలిజం లెక్కే తేల్చేద్దాం. మొదటి టైగర్ ఫ్యాక్టరీ గేటు దాటింది 1942 ఆగస్టులో. చివరిది 1944 ఆగస్టులో. మొత్తం కలిపి 1,350 లోపే. జర్మనీ లొంగిపోయింది 1945 మేలో. అంటే రెండో ప్రపంచయుద్ధంలో అందరికంటే ముసలి టైగర్‌కి కూడా మూడేళ్లు నిండలేదు. వాటిలో అంతకాలం బతికి బట్టకట్టినవే తక్కువ. ఎండకీ వానకీ మా అపార్ట్‌మెంటు బయట పడుండే నా స్కూటరే మూడేళ్లలో అలా కాలేదు. దాన్ని తుడిచేవాడు కూడా లేడు. టైగర్‌కి అయిదుగురు సిబ్బంది! ఇక టి-34 ట్యాంకు సంగతి చెప్పేదేముంది? సోవియట్ సైన్యం పోగొట్టుకున్నవే నలభై వేలు దాటాయి. ఫ్యాక్టరీలోంచి రైలెక్కి, రైలు దిగి యుద్ధంలోకి. తుప్పు పట్టడానికి దానికి తీరికేది?

“ఫోటోలున్నాయి కదా అంకుల్” అంటారు. ఉన్నాయి, నేనూ చూశాను. నిలువునా తుప్పెక్కి కనిపించేవి ఎక్కువగా కాలిపోయిన ట్యాంకులు. మంటకి రంగంతా పోయి ఉక్కు బయటపడుతుంది. దాని మీద రెండు వానలు కురిస్తే చాలు, ఎర్రబడిపోతుంది. ఆ ఫోటో ముందు పెట్టుకుని, పైన కమాండర్ బొమ్మ నిలబెట్టి, తుపాకీ పట్టించి, తినడానికి రొట్టె కూడా ఇచ్చి చేస్తున్నారు వీళ్లు. శవాన్ని చూసి బతికున్నవాడి బొమ్మ గీయడం ఇది.

పోనీ, రంగు ఊడిందే అనుకుందాం. కింద ఏముంటుంది? జర్మన్ ట్యాంకులకి ఉక్కు మీద ఎర్ర ప్రైమర్, దాని మీద మొదట్లో ముదురు బూడిద రంగు, 1943 ఫిబ్రవరి తర్వాత పసుపు. బూడిద రంగు బండికి పైన పసుపు కొట్టి ఉంటే, ఊడినచోట బూడిద రంగు కనిపించాలి. లేదా ఎర్ర ప్రైమర్ కనిపించాలి. ఆ వరసలు తెలిసి వేసినవాడికి నేనే ముందు చప్పట్లు కొడతాను. తెలిసి వేసేవాడేడీ? అందరికీ ఒకటే సీసా, ఎడారిలో బండికీ మంచులో బండికీ ఒకటే తుప్పు.

ఇంకో చిన్న గుణకారం. మన మోడల్ ముప్పై అయిదో వంతు. కుర్రాడి టైగర్ మీద పెచ్చులు కొన్ని రెండు మిల్లీమీటర్లున్నాయి. అంటే అసలు బండి మీద ఏడు సెంటీమీటర్ల పెచ్చు. ఆరడుగుల దూరం నుంచి అతని ట్యాంకును చూడటం అంటే అసలు ట్యాంకును డెబ్బై గజాల అవతల నిలబడి చూడటం. అంత దూరంలో ఏ పెచ్చు కనిపిస్తుంది, ఏ బోల్టు పక్కన కారిన మరక కనిపిస్తుంది? ఈ ముప్పై అయిదో వంతు అన్నదీ బ్రహ్మరాత కాదు. జపాన్‌లో షిజువోకా ఊళ్లో టమియా కంపెనీ 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకు కిట్ తయారుచేసింది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలి కాబట్టి ఆ సైజు పెట్టారు. తర్వాత లెక్కేస్తే ముప్పై అయిదో వంతని తేలింది. ఆ కథ చెప్పింది అప్పటి కంపెనీ పెద్ద షున్సాకు టమియానే. ఒక కారు కిట్ సరిగ్గా రావాలని పోర్షే 911 కొని, విప్పి చూసిన మనిషి ఆయన. బ్యాటరీ కొలతల మీద పుట్టిన హాబీలో నాకు రియలిజం పాఠాలు!

అసలు గుట్టు ఇంకోచోట ఉంది. తుప్పు తప్పుల్ని దాస్తుంది. పాత కిట్లలో ఫిరంగి గొట్టం రెండు చెక్కలుగా వస్తుంది. అంటించాక మధ్యలో గీత మిగులుతుంది. దాన్ని సన్న వాటర్ పేపర్‌తో తడిపి తడిపి రుద్దాలి. ఒకేచోట రుద్దితే గొట్టం గుండ్రం పోయి చదునవుతుంది. అందుకని గొట్టాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ, గోరుతో తడుముతూ రుద్దాలి. కంటికి కనిపించని గీత గోటికి తగులుతుంది. ఆపైన పల్చగా రంగు వేస్తే, మిగిలిన ప్రతి లోపమూ ఎదురొచ్చి నిలబడుతుంది. మన మే నెలలో అయితే అక్రిలిక్ రంగు కుంచె కొసమీదే ఆరిపోయి, ఉండలు కట్టి, చారలు పడుతుంది. ఫ్యాను వేస్తే దుమ్ము, ఆపితే చెమట. అంతా గడిచి నునుపుగా ఒక పూత రావడం ఎంత కష్టమో వేసినవాడికే తెలుసు. అతుకు దగ్గర సందు మిగిలితే దాని మీద ఇంత బురద మెత్తేసేవాడు నన్ను “నీట్‌గానే ఉంది గానీ” అంటాడు!

“ఇది కళ అండీ, ఫోటో కాదు” అనే వాదన ఒకటుంది. కళయితే కళనే అనండి, రియలిజం అనకండి, గొడవ తీరిపోతుంది. “మీరు పాతకాలం” అనేదానికి జవాబే అక్కర్లేదు. పాతకాలంలోనూ బురద పూసినవాళ్లున్నారు. అమెరికాలో షెప్పర్డ్ పెయిన్ అనే మోడలర్ చేసిన దృశ్యాల్లో (డయోరమాల్లో) బురదుంటే దానికో కథ ఉండేది. వీళ్లకి కథలేదు, బురదే ఉంది.

నా సెంచూరియన్ ఊరికే ఒక సెంచూరియన్ కాదు. 1971 డిసెంబరు 16న, పాకిస్తాన్‌తో యుద్ధంలో, బసంతర్ ఏటి దగ్గర 17 పూనా హార్స్ నడిపిన ట్యాంకు, పేరు ఫమగుస్టా. సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్‌ది. ఆయనకప్పుడు ఇరవై ఒక్కేళ్లు. బండి అంటుకుంది, దిగిపొమ్మని ఆర్డరు వచ్చింది, దిగలేదు. పరమవీరచక్ర చనిపోయాక వచ్చింది. ఆ పొద్దున ఆ ట్యాంకు మీద ఏముంటుంది? ఏటి ఒడ్డు మట్టి, చెయిన్ల మధ్య ఇసక, పైన దుమ్ము. అవే వేశాను. పొగ గొట్టాల మీద మాత్రం కాస్త తుప్పు, ఎందుకంటే అక్కడ వేడికి రంగు నిలవదు. నేలకి రాసుకునే చోట చెయిన్ లింకులు మెరవాలి. అక్కడ మెత్తటి పెన్సిల్ ముల్లు పక్కకు వాల్చి రుద్దాను. నాలుగంగుళాల ముక్కకు ఒక సాయంత్రం పట్టింది. కుర్రాడు ఆ లింకుల వైపు కన్నెత్తి చూడలేదు.

తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు మాకు తెలుసు. విజయంత ట్యాంకు నడిపి రిటైరయ్యారు. తుప్పు ట్యాంకుల ఫోటోలు చూపిస్తే చాలాసేపు చూశారు. “ఏమయ్యా, దీని క్రూ అంతా సెలవులో ఉన్నారా?” అని అడిగారు. తర్వాత చెప్పారు: “బండి మీద తుప్పు కనబడితే మా దఫేదారు తోలు వలిచేవాడు. సాయంత్రం బండి తుడవందే మాకు అన్నం లేదు.” యుద్ధంలోనూ అంతేనా అన్నాను. “యుద్ధంలో తుడవం. కానీ యుద్ధం తుప్పు పట్టేదాకా జరగదుగా” అన్నారు.

మరి నన్నేం చేయమంటారు అంటే, ముందు ఆ బండి ఎవరిదో, ఏ నెలలో ఏ నేల మీద తిరిగిందో తేల్చుకోండి. రంగు తర్వాత. ఎలా తేల్చాలి, ఎంత దుమ్ము చాలు అన్నది ఒక్క వ్యాసంలో తేలే పని కాదు. ఇప్పుడు అహిల్యానగర్ అంటున్న అహ్మద్‌నగర్‌లో ట్యాంకుల మ్యూజియం 1994 నుంచీ ఉంది, ఒకసారి వెళ్లి రండి. అక్కడ పూతమీద పూత వేసి ఉంచుతారు, నిజమే. అయినా ఉక్కు ఎంత పెద్దదో, బోల్టు ఎంత చిన్నదో కళ్లారా తెలుస్తుంది.

నేనిప్పుడు విజయంత మొదలుపెట్టాను. మన ఆవడి ఫ్యాక్టరీలో తయారైన ట్యాంకు. కిట్ కాదు, ప్లాస్టిక్ షీటు కోసి చేస్తున్నాను. రిపబ్లిక్ డే పరేడ్‌కి వెళ్లే బండిలా, మెరిసే రంగుతో. దీనికీ తుప్పు కొట్టమనేవాళ్లు ముందు మాధవరం పెద్దాయన దగ్గరికి వెళ్లి పర్మిషన్ తెచ్చుకోండి.