శుద్ధాహారము మన ఇంటనుండియే

పాలు, నేయి, మాంసము, గ్రుడ్లు విడిచి కేవల సస్యాహారముతో జీవించువారిని నేడు పట్టణములలో 'వీగన్‌'లనుచున్నారు. ఈ పేరు 1944లో ఇంగ్లండున డొనాల్డ్ వాట్సన్ మొదలగువారు పెట్టినది. జీవకారుణ్యముచే పూనిన నియమమును మేము ఆక్షేపింపము. కాని బి12 అను విటమిను సస్యములలో చాలినంత లభింపదు. అది లోపించిన రక్తహీనత, నరముల జబ్బు కలుగును. పాలు సైతము మానువారు దానిని మాత్రల రూపముననైన పుచ్చుకొనక తప్పదు.

మా చింత వేరొకటి. రాగులు, కొఱ్ఱలు శుద్ధాహారమని పట్టణవాసులు ప్రియముగా కొనుచుండగా, వానిని పండించిన రైతే వానినమ్మి తెల్లని పాలిష్ బియ్యము తినుట గ్రామములలో మేము చూచుచున్నాము. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము గలదు. ఆ బియ్యమున సుమారు 10 మాత్రమే. కొన్ని యిండ్లలో పాలన్నియు కేంద్రమునకు పోయి బిడ్డలకు మజ్జిగయు కరవగుచున్నది.

కొఱ్ఱలు దంచుట కష్టమని స్త్రీలనుట నిజమే. సంఘసభ్యులు కలసి చిన్న మర నొకటి తెచ్చుకొన్నచో ఆ శ్రమ తీరును.

సోదరులారా! అమ్మకము తప్పనిదే. అయినను ఏటికి చాలు రాగులు, బిడ్డలకు పాలు ఇంట నిలిపి, మిగిలినదే అమ్ముకొనవలెను. తొలి కొలత వంటింటికి, మలి కొలత బజారుకు.