అక్టోబరు 31 రాత్రి మన పిల్లల గుమ్మంలో దీపం ఆర్పాలా?



మన ఆసుపత్రిలో శిక్షణ పొందిన నర్సులు, మన సంఘాలలో పెరిగిన బిడ్డలు ఎందరో ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. ఏటా అక్టోబరు రాగానే వారి తల్లిదండ్రులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంటారు. "సిస్టర్ గారూ, అక్కడ హాలోవీన్ అని దయ్యాల పండుగ చేస్తారట. మా మనవలు కూడా వేషాలు కడుతున్నారు. విశ్వాసుల ఇంట ఇది తగునా?" అని. ఈ ప్రశ్నకు మేము మొదట తొందరపడి జవాబు చెప్పాము. అదీ మా సొంత ఇంట్లోనే. దానివల్ల జరిగిన నష్టం ఇంకొకరి ఇంట జరగకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా అమ్మాయి, అల్లుడు డల్లాసు దగ్గర ఉంటారు. మనవడికి మూడేళ్లప్పుడు పులి వేషంలో ఉన్న ఫొటో పంపారు. వాడి పక్కనే గుమ్మడికాయకు కళ్లు, పళ్లు చెక్కి లోపల దీపం పెట్టారు. మాకు వెంటనే మన వీధుల్లో ఇళ్ల ముందు వేలాడే దిష్టి గుమ్మడికాయ గుర్తొచ్చింది. "మన గుమ్మానికి ఏనాడూ కట్టనిది అక్కడికి వెళ్లి మీరు పెట్టుకుంటారా?" అని ఫోనులో కేకలేశాము. మా ఇంటాయన కూడా అదే మాట అన్నారు. పిల్లలు ఎదురు చెప్పలేదు. ఆ తర్వాత రెండేళ్లు ఆ నెలలో ఫొటోలు రాలేదు. మా మాట విన్నారని సంతోషించాము.

మూడో ఏడు అమ్మాయి రెండో కాన్పుకు సెలవు పెట్టి వెళ్లాము. పిల్లవాడి బట్టలు సర్దుతుంటే అలమారలో పోలీసు వేషం ఒకటి, చిన్న డాక్టరు కోటు ఒకటి కనిపించాయి. ఇవేమిటి నాన్నా అని అడిగితే వాడు తల దించుకుని "అమ్మమ్మకి చెప్పొద్దని అమ్మ చెప్పింది" అన్నాడు. మేము వద్దన్నందుకు వాళ్లు మానలేదు, మాకు చెప్పడం మానేశారు. అయిదేళ్ల బిడ్డకు మా భయం వల్ల దాచడం అలవాటైంది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

తర్వాత తీరిగ్గా విషయం తెలుసుకున్నాము. హాలోవీన్ అనే మాటకు అర్థం పరిశుద్ధుల పండుగకు ముందు రాత్రి అని. నవంబరు 1 సకల పరిశుద్ధుల దినము, 2 మరణించిన విశ్వాసులను తలచుకొనే దినము. మనం సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ ఇదే కదా! అదే కాలంలో పాత ఐర్లండులో సామైన్ అనే పండుగ ఉండేది. ఆ ఆచారాలు కొన్ని దీనితో కలిశాయి. ఐర్లండువారు దుంపలు చెక్కి దీపాలు పెట్టేవారు. 1840లలో కరవు వచ్చి లక్షలాదిగా అమెరికా చేరారు. అక్కడ గుమ్మడికాయ సులువుగా దొరికింది. అలా ఈ దీపం వచ్చింది. 1517లో మార్టిన్ లూథరు గారు తన 95 వాదములను వెలువరించినదీ అక్టోబరు 31నే.

మరి అంతా మంచిదేనా? కాదు. సోదె, చచ్చినవారితో మాట్లాడించే బల్లలు, నెత్తురు కారే బొమ్మలు మన ఇంట ఉండనక్కరలేదు. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. పూర్తిగా దూరంగా ఉండే సంఘాలున్నాయి, వారిని మేము తప్పుపట్టము. రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయము చదివితే, దినములను ఆచరించే విషయంలో ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దనే హెచ్చరిక కనిపిస్తుంది. అయితే పులి వేషం కట్టిన పసివాడు ఇరుగుపొరుగు తలుపు తట్టి మిఠాయి అడగడం సోదె కాదు. అక్కడ గుమ్మంలో దీపం వెలిగితే రమ్మని అర్థం, ఆర్పితే రావద్దని. ఏడాదంతా పలకరించని పొరుగువారు కూడా ఆ ఒక్క సాయంత్రం మన గుమ్మానికి వస్తారు. ఆ దీపం ఆర్పి లోపల కూర్చుంటే మన సాక్ష్యం ఎవరికి కనబడుతుంది?

కావాలంటే ఒక క్రైస్తవ కుటుంబం ఈ రాత్రిని ఎలా మార్చిందో చూడండి. 1950లో ఫిలడెల్ఫియా ప్రాంతంలో పాస్టరు క్లైడ్ అలిసన్ గారు, ఆయన భార్య మేరీ ఎమ్మా గారు తమ పిల్లల చేతికి పాల డబ్బాలిచ్చి, మిఠాయికి బదులు బీద దేశాల పిల్లల కోసం చిల్లర అడగమన్నారు. ఆ ఏడు పోగైనది 17 డాలర్లు. అదే పెరిగి యూనిసెఫ్‌కు ఏటేటా చందాలు తెచ్చే కార్యక్రమమైంది.

నర్సుగా మా భయం దయ్యాల గురించి కాదు, రోడ్డు గురించి. 1975 నుండి 2016 వరకు అమెరికా ప్రమాదాల లెక్కలు చూసి 2019లో ప్రచురించిన పరిశోధనలో, మామూలు సాయంత్రాల కంటే హాలోవీన్ సాయంత్రం పాదచారులు మరణించే అపాయం 43 శాతం ఎక్కువని తేలింది. కాబట్టి చీకట్లో కనబడే లేత రంగు బట్టలు వేయండి. చేతికి టార్చిలైటు ఇవ్వండి, పెద్దవారు వెంట నడవండి. కళ్లకు అడ్డుపడే ముసుగు కంటే ముఖానికి రంగు మేలు. కాళ్లకు తగిలే పొడవు బట్టలు వద్దు. గుమ్మడికాయలో కొవ్వొత్తి బదులు బ్యాటరీ దీపం పెట్టండి. కత్తి పెద్దల చేతిలోనే ఉండాలి. నాలుగేళ్లలోపు పిల్లలకు గట్టి మిఠాయిలు, వేరుశెనగ గింజలు గొంతుకు అడ్డం పడతాయి, ఇవ్వవద్దు. అలంకారం కోసం అమ్మే రంగు కాంటాక్టు లెన్సులు డాక్టరు చీటీ లేకుండా కొనవద్దు, కంటికి పుండు పడుతుంది. తెచ్చిన మిఠాయి ఇంటికి వచ్చాక చూసి, రోజుకు రెండు మూడు ఇచ్చి పళ్లు తోమించండి.

ఆ ఏడు మేము కూడా మనవడి చెయ్యి పట్టుకుని వీధి తిరిగాము. ఇంటికి వచ్చాక భోజనాల బల్ల మీద ఒక కొవ్వొత్తి వెలిగించి, ప్రభువునందు నిద్రించిన మనవారిలో ఒక్కొక్కరి పేరు ఒక్కొక్కరం చెప్పాము. మా నాన్నగారు సైకిలు మీద ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన సంగతి మనవడికి చెప్పాము. "ముత్తాత ఇప్పుడు ఎక్కడున్నారు?" అని వాడు అడిగాడు. వార్డుల్లో చాలా కుటుంబాలు పిల్లల దగ్గర చావు మాట ఎత్తరు. పిల్లలు ఆ మౌనానికే ఎక్కువ భయపడడం ముప్పై ఏళ్లుగా చూస్తున్నాము. అందుకే వాడికి నిదానంగా, పునరుత్థాన నిరీక్షణతో జవాబు చెప్పాము.

ఇప్పుడు అది ఆ ఇంటి ఆచారమైంది. అక్కడ 31 రాత్రి ఎనిమిది గంటలైతే మనకు నవంబరు 1 ఉదయం ఆరున్నర. ఆ వేళకు ఫోను చేస్తారు. మర్నాడు సమాధుల తోటకు తీసుకువెళ్లే పూలు సర్దుకుంటూ మేము మాట్లాడతాము. మనవడు తన వేషం చూపిస్తాడు, ఏదీ దాచడు.

తల్లిదండ్రులారా, ఫోను చేసి కేకలేయకండి. ముందు అడగండి, వినండి, తర్వాత మంచి చెడ్డలు చెప్పండి. దేవుడు మీ పిల్లల గృహములను కాపాడి దీవించును గాక.

ప్రభువు సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్