బొంగరమూ, తొలి కారూ

తొలి జీతంతో పాత కారు చవకగా కొని, దానికి టర్బో బిగించుకోవాలని ఉవ్విళ్ళూరే యువకులు ఇప్పుడు మన ఊళ్ళలోనూ కనిపిస్తున్నారు. పెద్దలకు ఆ కోరికను ఎదుర్కోవడానికి తెలిసిన మార్గాలు రెండే. ఒకటి ఎగతాళి, రెండవది నిషేధం. ఎగతాళి చేస్తే మనకు చెప్పకుండా చేస్తారు. నిషేధిస్తే అప్పు తెచ్చి మరీ చేస్తారు. ఆ కోరికలో ఒక విద్యాకాంక్ష ఉన్నదనీ, అయితే ఆ విద్యకు అక్షరాభ్యాసం టర్బోతో జరగరాదనీ నా అభిప్రాయం. తెలుగు పండితుడికి ఇంజన్లతో పనేమిటని అడగబోయే మిత్రులకు ఒక మనవి. నా వద్ద ఛందస్సు చదివినవారూ, చదవకుండా తప్పించుకున్నవారూ కొందరు విజయవాడ ఆటోనగరులో మేస్త్రీలై స్థిరపడ్డారు. ఉద్యోగ విరమణానంతరం నా సాయంకాలాలలో సగం వారి షెడ్లలోనే గడుస్తున్నాయి.

ముందు మాట సంగతి చూద్దాం. లాటినులో ‘టర్బో’ అంటే సుడిగాలి. బొంగరం అని కూడా. ఎంత చక్కగా కుదిరిందో చూడండి! ఇంజను వదిలే వేడి వాయువు ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండవ కొసన ఉన్న మరొక చక్రం బయటి గాలిని ఇంజనులోకి నొక్కుతుంది. విడిచిన ఊపిరితో పీల్చే ఊపిరిని బలపరచడమన్నమాట. కమ్మరి కొలిమితిత్తి చేసే పనే ఇది, కాకపోతే తిత్తిని ఊదే మనిషి ఉండడు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. కార్లలో వాడే ఈ బొంగరం నిమిషానికి లక్షకు పైబడిన చుట్లు తిరుగుతుంది.

కుర్రవాళ్ళను మురిపించే లెక్క ఇలా ఉంటుంది. సముద్రమట్టం వద్ద గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. దానికి మరొక 7 పౌండ్లు చేర్చితే ఇంజనులోకి దాదాపు ఒకటిన్నర రెట్లు గాలి పోతుంది. కనుక బలమూ ఒకటిన్నర రెట్లు కావాలి. కాగితం మీద ఈ లెక్కకు తిరుగులేదు. కాని గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కితే పలుచనవుతుంది. అందుచేత దానిని చల్లబరచే ఇంటర్‌కూలరు కావాలి. గాలి పెరిగితే పెట్రోలు పెరగాలి. సాధారణంగా 14.7 పాళ్ళ గాలికి 1 పాలు పెట్రోలు (ఆ 14.7కూ ఈ 14.7కూ చుట్టరికం లేదు, కాకతాళీయం), బరువు మీద అంతకంటె చిక్కగా అందాలి. అందకపోతే, మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంత తాను పేలుతుంది. మేస్త్రీలు ‘నాకింగు’ అనేది దీనినే. ఆ సమ్మెటపోట్లకు పిస్టను బద్దలవుతుంది. మన బంకులలో దొరికే మామూలు పెట్రోలు ఆక్టేను 91గా ఉండేది. టర్బో లేని ఇంజను పిస్టను మిశ్రమాన్ని ఎంత గట్టిగా నొక్కాలో ముందే నిర్ణయమై ఉంటుంది. దానిలోకి ముందే నొక్కిన గాలిని పంపడమంటే భోజనం చేసి లేచినవాడిని మళ్ళీ పంక్తిలో కూర్చోబెట్టడమే.

ఈ చిక్కు మహా కంపెనీలనే ఏడిపించింది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు వచ్చింది. నాకింగును ఆపడానికి నీరూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిమ్మే ఏర్పాటు చేశారు. కొన్నవారు ఆ డబ్బా నింపడం మరచిపోయేవారు. చివరకు చాలా కార్లకు టర్బోలు ఊడదీసి మామూలు కార్బ్యురేటర్లు బిగించవలసి వచ్చింది.

‘మరి సుజుకీ వాడు చేయలేదా?’ అని నా శిష్యుని కుమారుడు అడిగాడు. బాగా చదువుకుని వచ్చిన ప్రశ్న. ఈ అబ్బాయి ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. 2 లక్షల లోపు మారుతి 800 గాని ఎస్టీమ్ గాని కొని, ఆన్‌లైనులో దొరికే టర్బో కిట్టు బిగించాలని వాడి సంకల్పం. మాన్పించమని తండ్రి నా దగ్గరకు పంపాడు. వాడు చెప్పినది నిజమే. 1986లో రూపు మారిన మన మారుతి 800కు మూలం జపానులోని రెండవ తరం ఆల్టో. ఆ ఆల్టోకే 1987లో సుజుకీ వారు టర్బో పెట్టి ‘ఆల్టో వర్క్స్’ అని విడుదల చేశారు. ఇంజను 543 సీసీ మాత్రమే, బలం 64 అశ్వశక్తి. మన 800లో 796 సీసీ ఉండి కూడా కార్బ్యురేటరు రోజులలో 40 దాటలేదు.

అయితే వారు చేసిన పని ఏమిటి? ఉన్న ఇంజనుకు బొంగరం అతికించలేదు. రెండు క్యామ్‌షాఫ్టుల హెడ్డు పెట్టారు, సిలిండరుకు 4 వాల్వులు పెట్టారు, ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిన కొలిచి ఇచ్చారు, ఇంటర్‌కూలరు పెట్టారు. అంటే పద్యమంతా తిరగవ్రాశారు. మనవాళ్ళు చేసేది ప్రక్షిప్తం. ఒక పాదంలో నాలుగు మాత్రలు ఎక్కువ చేర్చి, గణాలూ యతీ తమంత తాము సర్దుకుంటాయని ఆశించడం. తాళపత్రంలో ప్రక్షిప్తం దొర్లితే పరిష్కర్తకు తలనొప్పి, అంతే. రోడ్డు మీద దొర్లితే ఎదురుగా వచ్చే సైకిలువాడికి ప్రాణం మీదికి వస్తుంది.

ఎందుకంటే ఇంజనుతో పాటు బ్రేకులు పెరగవు. వేగం 80 నుంచి 120కి పెరిగితే, అంటే ఒకటిన్నర రెట్లయితే, బ్రేకులు మింగవలసిన శక్తి రెండుంబావు రెట్లవుతుంది. మారుతి 800 చక్రం 12 అంగుళాలది, టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు. నేల పట్టు అంతా నాలుగు అరచేతులంత! క్లచ్, గేరుబాక్సు, రేడియేటరు, హెడ్డు గాస్కెట్టు, ఇవన్నీ పాత బలానికి లెక్కగట్టి చేసినవే. ‘కిట్టు ధర ఒక వంతయితే, దాని చుట్టూ పెట్టవలసింది రెండు వంతులండీ మాస్టారూ, అదీ ఇంజను బోరుకు రాకుండా ఉంటేనే’ అని మా మేస్త్రి అంటాడు. చవక కారు అనే మాటలో ఉన్న మోసం ఇదే. కొన్న ధర చూస్తున్నాం గాని, అది ఆగడానికి అయ్యే ధర చూడడం లేదు.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీవారు నిర్దేశించిన మూల లక్షణాలకు భిన్నంగా యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్ళిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దీనినే దృఢపరచింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే వీలు కలిగింది. ఎస్టీమ్ తయారీ 2000ల దశాబ్దంలోనే ఆగిపోయింది. కనుక ఈనాడు దొరికే ఏ ఎస్టీమైనా 15 ఏళ్ళు దాటినదే. 5 ఏళ్ళకొకసారి ఆర్టీవో పరీక్షకు నిలబడవలసినదే. టర్బోతో నిలబెట్టడమెలా? ప్రమాదం జరిగితే, చెప్పకుండా చేయించిన మార్పును చూపి బీమా కంపెనీ క్లెయిము నిరాకరించవచ్చు. ప్రతి మార్పునూ ఒకే గాటన కట్టే ఈ చట్టం నాకు పూర్తిగా నచ్చదు. మంచి బ్రేకులు వేయించినవాడినీ చెవులు బద్దలయ్యే సైలెన్సరు పెట్టినవాడినీ వేరుచేసి చూడాలి. పరీక్షించి అనుమతించే పద్ధతి ఒకటి ఉండాలి. అది వచ్చేదాకా ఉన్న చట్టమే చట్టం.

మరి అబ్బాయికి ఏమి చెప్పాను? టర్బో కావాలంటే పుట్టుకతో టర్బో ఉన్నదే కొనమన్నాను. ఫియట్ లీనియా టీ-జెట్ ముచ్చటైనదే, 1.4 లీటర్ల ఇంజనుకు 114 అశ్వశక్తి. కాని ఫియట్ వారు మన దేశంలో కార్ల అమ్మకం మానేశారు, విడిభాగం కోసం ఊళ్ళు తిరగాలి. పోలో జీటీ టీఎస్‌ఐ ఇంకా ముచ్చటైనది; దాని 7 గేర్ల ఆటోమేటిక్ పెట్టె మొరాయిస్తే తొలి ఉద్యోగి జీతాలు కొన్ని దానికే నైవేద్యం. నా ఓటు 1.3 లీటర్ల స్విఫ్ట్ డీజిలుకు. 2007లో వచ్చి 2020 దాకా అమ్ముడైనది. అందులోనూ బొంగరమే ఉంది! బలం 75 అశ్వశక్తి. ఇదే ఇంజనును టాటావారూ ఫియట్‌వారూ కూడా వాడారు కనుక, దాని గుట్టుమట్లు తెలియని మేస్త్రి మన జిల్లాల్లో అరుదు. డీజిలు గొంతు బాగుండదని అబ్బాయి మొహం ముడిచాడు. గొంతు మాట నిజమే, కాదనలేను.

కొన్నాక ఏడాదిపాటు ఇంజను జోలికి పోవద్దన్నాను. మొదటి డబ్బు టైర్లకు. టైరు పక్కన 4 అంకెలు అచ్చువేసి ఉంటాయి. 3219 అంటే 2019లో 32వ వారం తయారైనదని అర్థం. గాడి లోతుగా ఉన్నా ఏళ్ళు గడిస్తే రబ్బరు గిడసబారుతుంది. రెండవది బ్రేకు ఆయిలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్ళకొకసారి మార్చాలి. తరువాత సస్పెన్షను బుష్షులు, రేడియేటరు గొట్టాలు. ఆదివారం షెడ్డుకు వచ్చి తన చేతులతో ఆ పనులు చేయాలి. ఇంజన్ ఆయిలు సకాలంలో మార్చడం, ఎక్కువ దూరం తోలి ఆపగానే ఇంజను కట్టేయకుండా ఒక నిమిషం తిరగనివ్వడం, ఇవి బొంగరానికి ఆయుష్షు పోస్తాయి.

టర్బో ఎక్కించిన ఎస్టీమే కావాలన్న పట్టుదల అప్పటికీ మిగిలితే, అది రెండవ కారు కావాలి, రోడ్డు ఎక్కనిది కావాలి. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి రేసు ట్రాకు ఉంది. ఫార్ములా వన్‌కు వెళ్ళిన నరైన్ కార్తికేయన్ మొదలుపెట్టినది కూడా 800 ఇంజను బిగించిన ఫార్ములా మారుతి బండితోనే, టర్బో లేకుండానే. బెజవాడ నుంచి అక్కడికి లారీ మీద వేసుకుపోవాలి. లారీ బాడుగ ఎంతవుతుందో కనుక్కుని రమ్మంటే అబ్బాయి నిజంగానే కనుక్కుని వచ్చాడు, కాగితం మీద వ్రాసుకుని.