ముసురులో సైకిలెక్కితే...

కార్తీకం వచ్చిందంటే నెల్లూరు తీరంలో ఆకాశాన్ని నమ్మడానికి లేదు. రాష్ట్రంలో చాలా జిల్లాలకు నైరుతి వానలే ప్రధానం. మనకు మాత్రం అసలు వానాకాలం అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా నడుస్తుంది. ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే కురుస్తుంది. తూర్పుగాలి, విడవని ముసురు, మధ్యమధ్యలో పలకరించిపోయే వాయుగుండాలు... ఎండ బాధ ఉండదు కాబట్టి సరిగ్గా ఈ రోజుల్లోనే సైకిలు మీద అలా తిరిగి రావాలనీ అనిపిస్తుంది.

ఒకప్పుడు సైకిలంటే పాల క్యాన్లు, పేపర్ల కట్ట, చేపల గంప. ఇప్పుడు వాటికి తోడు లావు టైర్ల గేర్ల సైకిళ్లు వచ్చాయి. పిల్లలు ముద్దుగా 'ఎమ్‌టీబీ' అని పిలుచుకునే మౌంటెయిన్ బైకులు ఇవే. తీరంలో మనకు కొండలు లేకపోయినా, వాటికి పని చెప్పే దారులకు కొదవలేదు. మైపాడు, కోడూరు బీచ్‌ల వైపు ఇసుక బాటలు, బకింగ్‌హాం కాలువ కట్టలు, సరుగుడు తోటల్లో కాలిదారులు, రొయ్యల గుంటల గట్లు. ఇంకాస్త ఓపిక చేసుకుని పడమటికి తిరిగితే పెంచలకోన దగ్గర వెలిగొండలు ఉండనే ఉన్నాయి.

సైకిలు కొనేటప్పుడు గేర్లెన్ని, బ్రేకులు ఎలాంటివి అని ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చిస్తారు. దాని మీద కూర్చునే మనిషి ఏం వేసుకోవాలన్న మాట మాత్రం ఎవరికీ గుర్తురాదు. ఇంట్లో ఉన్న జీన్స్ ప్యాంటు, కాటన్ టీషర్టు, పైన నాన్న స్కూటరు కోసం కొనుక్కున్న రెయిన్‌కోటు. గంటసేపు తిరిగొచ్చిన అబ్బాయి పళ్లు పటపటలాడిస్తూ గుమ్మంలో నిలబడితే 'వానలో ఎందుకెళ్లావురా' అని మందలిస్తాం. నిజానికి సగం తప్పు వాడి ఒంటి మీదున్న బట్టది.

20 డిగ్రీల్లో చలేమిటి?

'మనమేమన్నా సిమ్లాలో ఉన్నామా' అనుకుంటున్నారా? నిజమే. నవంబరు, డిసెంబరు రాత్రుల్లో కూడా మన తీరంలో ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల కిందకు పెద్దగా దిగదు. పొడి బట్టలతో వరండాలో కూర్చుంటే ప్రాణానికి హాయిగానే ఉంటుంది. అదే వాతావరణంలో తడి బట్టతో సైకిలెక్కితే లెక్క మారిపోతుంది.

పొడి బట్టలో పోగుల మధ్య గాలి ఉంటుంది. ఒంటి వేడిని బయటికి పోకుండా కాచేది ఆ గాలే. బట్ట తడిస్తే గాలి ఉన్న చోట్లోకి నీరు చేరుతుంది. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. ఇది చాలదన్నట్టు, ఆ తడి ఆరడం మొదలవుతుంది. మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మనకు తెలిసిందే. కుండ చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. ఒక లీటరు నీరు అలా ఆవిరి కావాలంటే సుమారు 580 కిలో కేలరీల వేడి కావాలి. తడి చొక్కాతో సైకిలు తొక్కేవాడి ఒళ్లూ అలాంటి కుండే. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, ఆకు కదలని రోజున కూడా అంత వేగంగా గాలి మనల్ని కొడుతున్నట్టే. సముద్రం మీంచి వచ్చే తూర్పుగాలి దానికి అదనం.

విచిత్రమేమిటంటే తొక్కుతున్నంతసేపూ ఈ సంగతి తెలియదు. ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో ఇంచుమించు నాలుగో వంతే పెడల్ తిప్పడానికి పనికొస్తుంది, మిగిలిందంతా వేడిగా మారుతుంది. ఆ వేడి మనల్ని కాస్తూ ఉంటుంది. టైరు పంక్చరై ఆగినప్పుడో, టీకొట్టు చూరు కింద నిలబడినప్పుడో అసలు చలి పట్టుకుంటుంది. అప్పుడు మొదలయ్యే వణుకును తేలిగ్గా తీసుకోకూడదు. వేళ్లు చెప్పిన మాట వినకపోవడం, మాట తడబడటం దాని తర్వాతి మెట్లు. అంతదాకా రానివ్వకుండా తడి బట్ట విప్పి పొడిది తొడగడమే మొదటి వైద్యం. వేడి టీ ఆ తర్వాతే.

నూలు మంచిదే... కానీ

నూలు బట్టను తక్కువ చేసి మాట్లాడితే వెంకటగిరి నేతన్నలు మన్నించరు. మన ఎండకూ, ఉక్కకూ నూలును మించింది లేదు. చెమటను పీల్చుకుంటుంది, మెల్లగా ఆరుతూ ఒళ్లు చల్లబరుస్తుంది. వేసవిలో వరమైన ఆ గుణమే ముసురులో శాపం. మామూలు గాలిలోనే నూలు తన బరువులో 8 శాతానికి పైగా తేమను పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా ఉంచుకోదు. తడిసిన నూలు బనీను ఒంటికి అతుక్కుపోతుంది. ముసురు రోజుల్లో అది దండెం మీద రెండు రోజులైనా ఆరదని ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. అన్నిటికంటే అధ్వానం జీన్స్. అదీ నూలే, కాకపోతే మందం. తడిస్తే బరువెక్కుతుంది, మోకాళ్ల దగ్గర బిగుసుకుంటుంది, తొడలు ఒరుసుకుని మండుతాయి.

పూర్వం దీనికి విరుగుడు ఉన్ని. దక్కను పీఠభూమిలో గొర్రెల కాపరులు గొంగళి కప్పుకునే వానలో మంద వెంట తిరిగేవారు. ఉన్ని పోగులు ఒంపులు తిరిగి ఉంటాయి కాబట్టి తడిసినా వాటి మధ్య కొంత గాలి నిలుస్తుంది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకునేదాకా ఉన్ని తడిగా తోచదు. గమ్మత్తేమిటంటే, మన నెల్లూరు గొర్రె ఎంత పేరుమోసిన జాతి అయినా దానికి ఉన్ని ఉండదు. ఒంటి నిండా పొట్టి వెంట్రుకలే! ఈ వేడి నేల మీద ఉన్నితో పనేముందని అదీ అనుకుందేమో. గోనెసంచి ఒక మూలను లోపలికి దోపి, తల మీద కొప్పెరలా వేసుకుని పొలానికి పోవడం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

కోటు లోపలి వాన

1823లో స్కాట్లాండ్‌కు చెందిన చార్లెస్ మాకింతోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూత పెట్టి, నీరు చొరబడని బట్టకు పేటెంటు తీసుకున్నాడు. బ్రిటన్‌లో ఇప్పటికీ రెయిన్‌కోటును ఆయన పేరు కుదించి 'మాక్' అంటారు. ఆ కోటుకున్న చిక్కే మన ప్లాస్టిక్ కోటుకూ ఉంది. బయటి వాన లోపలికి రాదు, లోపలి చెమట బయటికి పోదు. స్కూటరు మీద కదలకుండా కూర్చునేవారికి ఫర్వాలేదు. సైకిలు తొక్కేవాళ్లు మాత్రం కాసేపటికే లోపల తడిసి ముద్దవుతారు. 'కోటు కారుతోంది' అని దుకాణం వాడితో గొడవ పెట్టుకునేవారిలో చాలామందిని తడిపేది సొంత చెమటే.

ఈ చిక్కుకు 1969లో అమెరికాలో ఒక దారి దొరికింది. టెఫ్లాన్ జాతి పదార్థాన్ని వేడిచేసి ఒక్కసారిగా సాగదీస్తే, కంటికి కనిపించని రంధ్రాలతో పల్చటి పొర తయారవుతుందని బాబ్ గోర్ కనిపెట్టాడు. ఆ రంధ్రాల్లోంచి నీటిచుక్క దూరలేదు, చెమట ఆవిరి పోగలదు. 'గోర్‌టెక్స్' పేరుతో అది 1976 నుంచి బట్టల వ్యాపారంలోకి వచ్చింది. షాపుల్లో చీటీ మీద 'బ్రీదబుల్' అని రాసి ఉండే కోట్లలో చాలావాటి సూత్రం ఇలాంటిదే.

హిమాలయాలకు వెళ్లేవారికి అలాంటి కోటు ప్రాణరక్షణ. మన తీరంలో అంత పని చేయదు. ఆవిరి లోపలి నుంచి బయటికి పోవాలంటే బయటి గాలిలో తేమ తక్కువగా ఉండాలి. ముసురు రోజున ఇక్కడి గాలి వెచ్చగా ఉంటుంది, తేమతో నిండి ఉంటుంది. ఇక ఆవిరి ఎక్కడికి పోతుంది? అందుకే ఇక్కడ కోటులో చూడాల్సింది గుడ్డ పేరు కంటే దాని కిటికీలు. చంకల కింద జిప్పులు, వీపు మీద మడత చాటున జాలీ, మెడ నుంచి నడుము దాకా తెరుచుకునే ముందు జిప్పు... ఇవి ఉంటే కొన్ని వందలు పెట్టి కొన్న విండ్‌చీటరూ వేల రూపాయల కోటుకు దీటుగా నిలుస్తుంది.

ఏం వేసుకోవాలి?

ముసురులో తొక్కుతూ అసలు తడవకుండా ఉండటం అయ్యే పని కాదు. తడిసినా వేడి పోనివ్వని, త్వరగా ఆరే బట్ట వేసుకోవడమే మన చేతిలో ఉన్నది.

ఒంటిని అంటిపెట్టుకునే బట్టతో మొదలుపెట్టండి. నూలు బనీను పక్కనపెట్టి, ఆటగాళ్లు వేసుకునే పల్చటి పాలిస్టర్ జెర్సీ వేసుకోవాలి. సైకిలు కంపెనీలు అమ్మేదే కానక్కర్లేదు, బీరువాలో ఉన్న క్రికెట్ జెర్సీ చాలు. ఒకటే ఇబ్బంది, దానికి చెమట వాసన తొందరగా పడుతుంది. ఏ రోజుకారోజు ఉతికేయాలి.

దాని మీద విండ్‌చీటర్. షాపులో అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకుంటే దాని సంగతి తెలియదు. హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి, చేతులు చాచి చూడండి. నడుము బయటపడకూడదు, మణికట్లు కనిపించకూడదు. తలమీది టోపీ పక్కచూపుకు అడ్డు రాకూడదు. రంగు విషయంలో మొహమాటం వద్దు. పసుపు, నారింజ, చిలకపచ్చ... ఎంత కొట్టొచ్చినట్టుంటే అంత మంచిది. వాన మసకలో లారీ డ్రైవరుకు నల్లకోటు కనిపించదు. వీపు మీద మెరిసే పట్టీ ఉంటే మరీ మంచిది.

కాళ్లకు మోకాళ్ల దాకా నైలాన్ నిక్కరే మేలు. బట్ట ఎంత తక్కువైతే తడి అంత తక్కువ. చర్మాన్ని టవల్‌తో తుడిస్తే చాలు. ఆడపిల్లలైతే కాళ్లకు పట్టినట్టుండే ట్రాక్ ప్యాంటు వేసుకోవచ్చు. చున్నీని బ్యాగులో పెట్టేయాలి. వేలాడే చున్నీ, గాలికి ఎగిరే పొడుగు రెయిన్‌కోటు చక్రంలోకో చైనులోకో పోతే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. చేతులకు గ్లవ్స్ ఉంటే తడి హ్యాండిల్ జారదు. పాదాలకు నీళ్లు నిలవని జాలీ బూట్లు గానీ, మడమ పట్టీ ఉన్న శాండల్స్ గానీ సరిపోతాయి.

చాలామంది మరిచిపోయేది మడ్‌గార్డు. మౌంటెయిన్ బైకులు చాలావరకు అవి లేకుండానే వస్తాయి. పైనుంచి పడే వాన కంటే వెనక చక్రం చిమ్మే బురద నీరే నడుమును ఎక్కువ తడుపుతుంది. ప్లాస్టిక్ మడ్‌గార్డులు ముందొకటి, వెనకొకటి బిగించండి. మీరు కొనే వానబట్టల్లో అంతకంటే చవకైనది ఉండదు.

ఇక బ్యాగులో ఒక పొడి టీషర్టు, చిన్న టవల్, పల్చటి ఉన్ని స్వెటర్. మూడింటినీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి మూతి గట్టిగా కట్టాలి. తొక్కేటప్పుడు స్వెటర్ అక్కర్లేదు, ఆగినప్పుడు కావాలి. పెంచలకోన వైపు తెల్లవారుజామున బయల్దేరేవారు, లద్దాఖ్ యాత్రకు ఉబలాటపడే కుర్రాళ్లు కూడా గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఇదే. అక్కడ లోపలి పొరలు మందమవుతాయి, అంతే తేడా.

తుపాను హెచ్చరిక ఉన్న రోజున మాత్రం ఏ కోటూ పనికిరాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు తీరాన్ని కూడా వాన ముంచెత్తింది. అలాంటి రోజున సైకిలు వరండాలోనే ఉండాలి.

సరదాకి తొక్కే మనం వానను చూసి ఆగిపోవచ్చు. పాలు పోసేవారికీ, పేపరు వేసేవారికీ ఆ వెసులుబాటు లేదు. ముసురు రోజున పేపరును ప్లాస్టిక్ కవర్లో పెట్టి పొడిగా మన గుమ్మంలో వేస్తాడు కుర్రాడు. వాడి ఒంటి మీద ఉండేది మాత్రం తడిసిన కాటన్ చొక్కానే. మీ పిల్లాడికి పొట్టయిపోయిన పాలిస్టర్ జెర్సీ, పాత విండ్‌చీటర్ బీరువాలో మూలుగుతుంటే రేపు పొద్దున వాడు వచ్చే వేళకు తీసి పెట్టండి. వీలైతే, మడ్‌గార్డు కూడా ఒకటి బిగించి ఇవ్వండి.